భర్తకు 88, భార్యకు 318: హెచ్‌ఐవీ నెగటివ్ వచ్చాక సీడీ4 చుట్టూ తిరిగిన ఒక కేసు

ఈ కేసులో ఊరు, వయసులు, కుటుంబ వివరాలు మార్చాం. పరీక్షల అంకెల మధ్య సంబంధం మాత్రం చెడకుండా ఉంచాం. ఈ కేసు నేర్పేదంతా ఆ అంకెల్లోనే ఉంది.

నేపథ్యం

భర్తకు నలభైకి దగ్గర వయసు. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం పూట జ్వరం, తొమ్మిది కిలోల బరువు తగ్గారు. కఫాన్ని సీబీనాట్‌లో (టీబీ క్రిమి జన్యువును పట్టే యంత్రం) పెడితే టీబీ తేలింది. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే. టీబీ తేలిన వారందరికీ చేసినట్టే ఆయనకూ హెచ్‌ఐవీ పరీక్ష చేశారు. మూడు వేర్వేరు కిట్లలోనూ రియాక్టివ్, అంటే పాజిటివ్. ఆ రోజును ఇక్కడ సున్నా రోజు అనుకుందాం. అప్పుడే తీసిన రక్తంలో సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) మైక్రోలీటరుకు 88, లింఫోసైట్లలో (ఇవి ఒక రకం తెల్లకణాలు) 8 శాతం.

టీబీ మందులు వెంటనే మొదలయ్యాయి. మెదడు టీబీ లక్షణాలు లేవు కాబట్టి మార్గదర్శకాల ప్రకారం రెండు వారాల్లోపే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందులు) ఇవ్వాలి. 12వ రోజున టీఎల్‌డీ మొదలుపెట్టాం: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర. రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు కాలేయం డోలూటెగ్రావిర్‌ను తొందరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే 12 గంటల తర్వాత విడిగా మరో 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవాలి. ఈ సాయంత్రం మాత్ర సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

భార్యకు ముప్పై దాటాయి. రెండు గేదెలు, డెయిరీకి పాలు పోస్తారు. ఏడేళ్ల బాబు. ఒకటో రోజునే ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) ఆమెకు పరీక్ష చేస్తే నాన్ రియాక్టివ్, అంటే నెగటివ్ వచ్చింది. మహిళా కౌన్సెలర్ ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, ఆయన ఒంట్లో బాగుండక 37 రోజులుగా కలవలేదని చెప్పారు. అంతకుముందు కండోమ్ లేదు. ముందు జాగ్రత్తగా ఇచ్చే 28 రోజుల మందుకు 72 గంటల గడువు ఎప్పుడో దాటింది. చివరి కలయిక నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ పరీక్షకు రమ్మని తేదీ రాసిచ్చి, కండోములిచ్చి పంపారు. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నట్టే జరిగింది.

సమస్య

మూడో రోజున ఆమెకు జ్వరం వచ్చింది. ఐదో రోజు తమ్ముడు పట్నంలో ఒక ల్యాబ్‌కు తీసుకెళ్లి రక్తపరీక్షలు చేయించాడు. పనిలో పనిగా, బావకు చేసిన పరీక్షే అక్కకూ చేయించాలని సీడీ4 కూడా రాయించాడు. వచ్చిన కాగితం ఇదీ: తెల్లకణాలు 3,400, అందులో లింఫోసైట్లు 24 శాతం. ప్లేట్‌లెట్లు 1,12,000. డెంగ్యూ ఎన్‌ఎస్1 పాజిటివ్. సీడీ4 318, శాతం 39. సీడీ8 (మరో రకం లింఫోసైట్లు) 220, శాతం 27. సీడీ4 అంకె పక్కన బొద్దుగా 'ఎల్' (తక్కువ) అని, దాని పక్కన 500 నుంచి 1500 అని నార్మల్ పరిధి.

ఆరో రోజు అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ కాగితంతో మా దగ్గరికి వచ్చారు. డెంగ్యూ మాటే ఎవరూ ఎత్తలేదు.

మొదట చేసింది, చెడింది

కౌన్సెలర్ మూడు మాటలు చెప్పారు. మీ టెస్ట్ నెగటివ్. సీడీ4 అనేది హెచ్‌ఐవీ ఉందో లేదో చెప్పే పరీక్ష కాదు. డెంగ్యూలో ఎవరికైనా తగ్గుతుంది, భయపడొద్దు. మూడూ నిజాలే. మూడూ పనిచేయలేదు.

తమ్ముడి వాదన వినండి. "మా బావకి 88 అని చెప్పేగా సెప్ట్రాన్ మాత్రలు రాశారు, ఛాతీ ఫొటో తీయించారు, ఇన్ని పరీక్షలు చేశారు. ఇప్పుడు అక్క దగ్గరికొచ్చేసరికి ఆ నంబరుకి విలువ లేదంటున్నారు. మూడు నెలల దాకా టెస్టుకి దొరక్కపోవచ్చని మీరే చెప్పారు. కణాలు మాత్రం అప్పుడే పడిపోతున్నాయి. మరి రెండిట్లో దేన్ని నమ్మాలి?"

ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. కొత్తగా హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో మామూలు పరీక్ష వెతికే యాంటీబాడీ ఇంకా పుట్టకముందే వైరస్ లక్షల్లోకి వెళుతుంది, సీడీ4 పడిపోతుంది, జ్వరం వస్తుంది, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. అంటే వైద్యపరంగా ఆమె జ్వరానికి డెంగ్యూ, కొత్త హెచ్‌ఐవీ అని రెండు కారణాలు రాసుకుని ఉండాల్సింది. ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది కాబట్టి ఒకటి ఖాయం. ఒకటి ఖాయమైనంత మాత్రాన రెండోది లేదని కాదు. మేము ఆ రెండోదాన్ని ఫైల్లో రాయలేదు, తోసిపుచ్చే ఆధారమూ వెతకలేదు. ధైర్యం చెప్పి పంపేశాం. ఈ కేసులో మా మొదటి తప్పు ఇది.

నిజానికి ఆధారం ఆ కాగితంలోనే ఉంది. సీడీ4 318 అనే అంకెను యంత్రం నేరుగా లెక్కపెట్టింది కాదు. చాలా ల్యాబుల్లో కణాల రకాలను వేరుచేసే ఫ్లో సైటోమీటర్ శాతం మాత్రమే ఇస్తుంది. మొత్తం లింఫోసైట్ల సంఖ్య రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ యంత్రం నుంచి వస్తుంది. 3,400లో 24 శాతం అంటే 816 లింఫోసైట్లు. అందులో 39 శాతం అంటే 318. తగ్గింది లింఫోసైట్ల మొత్తం. సీడీ4 వాటా చెక్కుచెదరలేదు. సీడీ4ను సీడీ8తో భాగిస్తే 1.4. భర్త కాగితంలో సీడీ8 682, నిష్పత్తి 0.13. హెచ్‌ఐవీలో సీడీ4 పడిపోవడమే కాదు, సీడీ8 పెరుగుతుంది; నిష్పత్తి ఒకటి కిందికి తిరగబడుతుంది. కొత్త ఇన్‌ఫెక్షన్ జ్వరంలోనూ త్వరలోనే అలా తిరగబడటం మామూలు. వేరే వైరస్‌ల వల్లా నిష్పత్తి తిరగబడొచ్చు కాబట్టి తిరగబడితే హెచ్‌ఐవీ అని చెప్పలేం. ఈమెకు తిరగబడనే లేదు.

ఆ 500 అనే కింది గీత గురించి కూడా ఒక మాట. అది ఎక్కువగా పాశ్చాత్య దేశాల వారి రక్తంతో గీసిన గీత. ఆరోగ్యంగా ఉన్న మన భారతీయుల్లో సీడీ4 సంఖ్య అంతకంటే తక్కువగా ఉండటం ఇక్కడి అధ్యయనాల్లో పలుమార్లు కనబడింది. ల్యాబులు మాత్రం ఆ పరిధినే అచ్చు వేస్తాయి.

రెండోసారి చెడింది

వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేసి మళ్లీ సీడీ4 చేయమన్నాడు. డెంగ్యూ తగ్గింది, ఇప్పుడు పెరిగి ఉంటుంది, ఒక కాగితంతో గొడవ వదిలిపోతుంది అనుకున్నాం. 14వ రోజు ఉదయం రక్తం తీశారు. ఫలితం 248.

ఆ సాయంత్రమే ఆమె బాబును తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయారు. బాబుకు తన కంచంలో అన్నం పెట్టడం మానేశారు, గ్లాసు వేరు చేశారు. బాబుకూ సీడీ4 చేయించాలని తమ్ముడు పట్టుబట్టాడు.

ఈసారి కాగితాన్ని మొదటి వరుస నుంచి చదివాం. తెల్లకణాలు 11,800. అందులో న్యూట్రోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) 89 శాతం. లింఫోసైట్లు 6 శాతం, అంటే 708. జ్వరం తగ్గి వారమైన మనిషికి, ఎక్కడా చీము, దగ్గు, మూత్రంలో మంట లేని మనిషికి ఈ లెక్క ఎందుకు వస్తుంది? స్టెరాయిడ్ పడితే వస్తుంది. ఒక్క మోతాదు చాలు. నాలుగు నుంచి ఆరు గంటల్లో లింఫోసైట్లు రక్తం వదిలి ఎముక మజ్జలోకీ ఇతర కణజాలాల్లోకీ వెళ్లి కూర్చుంటాయి. సీడీ8 కంటే సీడీ4 ఎక్కువ తగ్గుతుంది. అందుకే ఈసారి శాతం కూడా 39 నుంచి 35కు దిగింది.

మందులేమైనా వాడారా అని ఫోన్లో అడిగితే ఆమె లేదన్నారు. ప్రశ్న మార్చి, సూది ఏమైనా వేయించుకున్నారా అని అడిగాం. "ఆ, ఒళ్లంతా ఒకటే దురదండీ. ముందు రోజు రాత్రి మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూదేశాడు, తెల్లారేసరికి పోయింది." డెంగ్యూ తగ్గేటప్పుడు వచ్చే దురదే అది. సూది డెక్సామెథాసోన్ అని ఆర్‌ఎంపీని అడిగి నిర్ధారించుకున్నాం. దాని ప్రభావం ఒకటిన్నర నుంచి రెండు రోజులు ఉంటుంది. మేము రక్తం తీసింది ఆ సూది పడి రోజైనా గడవకముందే. మన ఊళ్లలో 'మందులు' అంటే మాత్రలనే అర్థం, సూది, సెలైను ఆ లెక్కలోకి రావు. ఇప్పుడు రెండూ విడివిడిగా అడుగుతున్నాం.

పనిచేసింది

మూడు పనులు చేశాం, ఇదే వరుసలో.

మొదటిది, అసలు ప్రశ్నకు అసలు పరీక్ష. 15వ రోజున, అంటే చివరి కలయిక నుంచి 51వ రోజున, నాలుగో తరం యాంటిజెన్-యాంటీబాడీ పరీక్ష (వైరస్ భాగాన్నీ, యాంటీబాడీనీ రెండిటినీ వెతికేది), దాంతో పాటు వైరస్ జన్యువునే నేరుగా వెతికే హెచ్‌ఐవీ ఆర్‌ఎన్‌ఏ. మామూలుగా పెద్దవాళ్లలో రోగనిర్ధారణకు ఆర్‌ఎన్‌ఏ వాడం. ఆ పరీక్ష చేసే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే) యంత్రాలు ఒక్కోసారి లేని వైరస్‌ను కొద్ది సంఖ్యలో చూపించి కొత్త చిక్కు తెస్తాయి. అందుకే రక్తం పంపకముందే ఏ ఫలితానికి ఏం చేయాలో ఫైల్లో రాసుకున్నాం. వైరస్ సంఖ్య లక్షల్లో వస్తే కొత్త ఇన్‌ఫెక్షన్, అదే రోజు ఏఆర్‌టీ. వెయ్యి లోపు వస్తే ఆమెకు రోగం ఉందని చెప్పకూడదు, కొత్త నమూనాతో మళ్లీ చేయాలి. ఏమీ కనబడకపోతే, ఆ జ్వరం హెచ్‌ఐవీ వల్ల వచ్చింది కాదని తేల్చాలి. వైరస్ సోకిన పది పన్నెండు రోజుల నుంచే ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది, అలాంటి జ్వరం వచ్చేంత ఇన్‌ఫెక్షన్‌లో ఇన్ని వారాలకు దొరక్కపోవడం ఉండదు. భర్త మాత్రలు ఆమె వేసుకోలేదు కదా అని కూడా అడిగాం. భయంతో పంచుకునేవాళ్లు ఉంటారు, ఏఆర్‌టీ ఒంట్లో ఉంటే ఈ పరీక్షలు రెండూ పక్కదారి పట్టొచ్చు. వేసుకోలేదు. 19వ రోజున ఫలితాలు వచ్చాయి: నాలుగో తరం నాన్ రియాక్టివ్, ఆర్‌ఎన్‌ఏ కనబడలేదు. నాలుగో తరం ల్యాబ్ పరీక్షకు 45 రోజులు దాటితే దాదాపు తుది మాటే.

రెండోది, అంకెను ఆమె చేతికివ్వడం. భర్త కాగితం పక్కన పెట్టి చూపిస్తే తప్ప తేడా తెలియదు. కానీ తమ్ముడు ఆ ఫైలు ఎలా చూశాడో అప్పటికే మాకు తలనొప్పిగా ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి స్థితిని ఇంకొకరికి చెప్పాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. భర్త దగ్గర సంతకం తీసుకున్నాం. తమ్ముణ్ని బయట కూర్చోమన్నాం. ఆమెను ఒక్కరినే కూర్చోబెట్టాం.

కౌన్సెలర్ చక్కగా బొమ్మ గీసి సైనికులు, కోట అని మొదలుపెట్టారు. ఆమె వింటున్నారు గానీ కళ్లు 248 మీదే ఉన్నాయి. అప్పుడు డెయిరీ సంగతి తట్టింది. పాలకు డబ్బు ఎలా కడతారని అడిగాం.

"లీటర్లు కొలిచి, వెన్న శాతం చూసి కడతారు."

"గేదెకు జ్వరమొచ్చిన వారం?"

"పాలు సగానికి పడిపోతాయండి."

"వెన్న శాతం?"

"అది అంతే ఉంటది. కాస్త ఎక్కువే వస్తది ఒక్కోసారి."

కాలిక్యులేటర్ ఆమె చేతికిచ్చాం. లింఫోసైట్లు పాలు, సీడీ4 శాతం వెన్న. 816ను 39 శాతంతో తనే గుణించారు, 318. 708ను 35తో గుణించారు, 248. తర్వాత భర్త కాగితం. తెల్లకణాలు 5,500, లింఫోసైట్లు 20 శాతం: 1,100. "ఈయనకి నాకంటే పాలు ఎక్కువున్నాయే!" అన్నారు. 8 శాతంతో గుణించి 88 వచ్చాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఈయనకి వెన్న తీసేశారు. నాకు పాలు తగ్గాయి."

రెండు వారాలుగా మేము చెప్పలేకపోయిన మాట అది. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాం: శాతం బాగుంటే హెచ్‌ఐవీ లేనట్టే అని అర్థం కాదు. సోకిన తొలి ఏళ్లలో శాతం బాగానే ఉండేవాళ్లున్నారు. హెచ్‌ఐవీ లేదని చెప్పింది రెండు రోగనిర్ధారణ పరీక్షలు. ఈ లెక్క చెప్పింది 318, 248 ఎందుకు వచ్చాయన్నది మాత్రమే.

మూడోది, ఇంకొక సీడీ4. దీని మీద మాలో మాకే భేదం వచ్చింది. అక్కర్లేని పరీక్షను మూడోసారి ఎందుకు చేయాలి అన్నారు కొందరు. 248 అనే అంకె ఫైల్లో ఎక్కాక దాన్ని అలా వదలకూడదన్నది మిగతావారి మాట. హెచ్‌ఐవీ లేకుండానే సీడీ4 పడిపోయే అరుదైన జబ్బు ఒకటుంది. అమెరికా సీడీసీ 1992లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒకటికి మించిన సార్లు 300 కంటే తక్కువో, 20 శాతం కంటే తక్కువో ఉండాలి, వేరే కారణం కనబడకూడదు. ఈమెకు ఒక్కసారే 300 దిగింది, కారణం కళ్ల ముందుంది. అయినా ఆ గీత దాటి ఇవతల ఉన్నట్టు కాగితం ఉంటే మంచిదనుకున్నాం.

ఈసారి షరతులు పెట్టాం. జ్వరం తగ్గి, సూది పడి నాలుగు వారాలు దాటాలి. పొద్దున తొమ్మిది గంటలకే రక్తం తీయాలి. సీడీ4 మధ్యాహ్నం పూట తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటుంది, వేర్వేరు వేళల్లో తీసిన అంకెలను పోల్చకూడదు. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు, గీత దాకా నింపి ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పాలి, గడ్డకడితే ఆ నమూనా పారేయాల్సిందే. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. సీబీసీ కూడా అదే ట్యూబు నుంచి చేయాలి. 46వ రోజున వచ్చిన ఫలితం: తెల్లకణాలు 7,200, లింఫోసైట్లు 31 శాతం, సీడీ4 40 శాతం. ఆమె కాగితం తీసుకుని, కింద అచ్చయిన అంకె మీద బొటనవేలు పెట్టి మూసి, ముందు గుణకారం చేసుకున్నారు. 893. వేలు తీసి చూసుకున్నారు.

56వ రోజున మూడు నెలలు నిండిన ఐసీటీసీ పరీక్ష కూడా నాన్ రియాక్టివ్.

పక్కన పెట్టేసిన ప్రమాదం

19వ రోజున ఆమెతో కూర్చున్నప్పుడే బయటపడ్డ సంగతి. సీడీ4 గొడవలో పడి టీబీ గురించి ఎవరూ అడగలేదు. కఫంలో టీబీ ఉన్న మనిషితో రెండు నెలలు ఒకే గదిలో పడుకున్న భార్యకు, బాబుకు నిజంగా పొంచి ఉన్నది టీబీ. ఇంట్లోవాళ్లకు టీబీ ఉందేమో చూసే కాంటాక్ట్ స్క్రీనింగ్ చీటీ సున్నా రోజునే రాశారు, అది భర్త సంచిలోనే ఉంది. ఇద్దరికీ లక్షణాలు లేవు, ఎక్స్‌రేలు బాగున్నాయి. డెంగ్యూ తర్వాత కాలేయ పరీక్ష మామూలుకు వచ్చేదాకా ఆగి, టీబీ రాకుండా ఇచ్చే మందు మొదలుపెట్టించాం.

బాబుకు సీడీ4 చేయమన్న కోరికను ఒప్పుకోలేదు. తల్లికి హెచ్‌ఐవీ లేదని తేలితే, కడుపులో గానీ పాలలో గానీ బిడ్డకు వచ్చే దారే లేదు. హెచ్‌ఐవీ పరీక్షే అక్కర్లేని పిల్లవాడికి సీడీ4 ఎందుకు?

26వ రోజున భర్త మాత్రలు లెక్కపెట్టాం. టీఎల్‌డీ డబ్బా లెక్క సరిపోయింది. సాయంత్రం డోలూటెగ్రావిర్ ఆరు ఎక్కువ మిగిలాయి. రాత్రి భోజనం పెట్టి ఆ మాత్ర చేతికిచ్చేది ఆమె. ఆమె పుట్టింట్లో ఉన్న ఆరు రోజులూ ఆయన వేసుకోలేదు. ఒక అక్కరలేని పరీక్ష ఎక్కడిదాకా పోయిందో చూడండి.

ఆ తర్వాత మార్చుకున్నవి

భాగస్వామికి పరీక్ష చేసే రోజే సీడీ4 మాట మేమే ముందు ఎత్తుతున్నాం: "మీ వారికి సీడీ4 చేసింది రోగం ఉందని తేలాక, ఎంత నష్టం జరిగిందో చూడటానికి. మీకు అది అక్కర్లేదు. బయట చేయిస్తే జలుబుకైనా అంకె మారుతుంది." విండో పీరియడ్‌లో (సోకినా పరీక్షకు దొరకని తొలి కాలం) ఉన్న భాగస్వామికి జ్వరం వస్తే ఇంకెక్కడికీ వెళ్లకుండా మా దగ్గరికే రమ్మని చెబుతున్నాం, వస్తే కొత్త ఇన్‌ఫెక్షన్ అనుమానాన్ని ఫైల్లో రాసి మరీ తేలుస్తున్నాం. బయట చేయించిన సీడీ4 కాగితం తెస్తే సీబీసీ లేకుండా చదవం. రెండు అంకెలను పోల్చేటప్పుడు 30 శాతం లోపు తేడాను, శాతంలో అయితే 3 పాయింట్ల లోపు తేడాను మార్పుగా లెక్కపెట్టం. అంత ఊగిసలాట ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది.

తర్వాతి ఏడాదిన్నర

భర్తకు ఆరో నెల వైరల్ లోడ్ కనబడనంతకు దిగింది, సీడీ4 190. ఏడాదికి 262, వైరల్ లోడ్ అప్పుడూ కనబడలేదు. చికిత్సతో వైరస్ అణిగి ఉన్న భాగస్వాముల నుంచి కలయిక ద్వారా హెచ్‌ఐవీ సోకిన జంట ఒక్కటీ లేదని యూరప్‌లోని పార్ట్‌నర్ అధ్యయనాలు 2016లోనూ 2019లోనూ చూపించాయి; ఆ మాట ఇద్దరికీ కలిపి చెప్పాం. ఈ నిశ్చింత వైరల్ లోడ్‌తో వచ్చేది, సీడీ4తో కాదని కూడా చెప్పాం. 190 దగ్గర ఉన్నప్పుడూ ఆయన నుంచి ఆమెకు సోకే అవకాశం లేదు. మందు మానేసి 600 ఉన్న మనిషి నుంచి సోకుతుంది. అయినా ఆమె ఇంకొన్నాళ్లు కండోమ్ ఉంచుతామన్నారు, సరేనన్నాం.

పద్దెనిమిదో నెలలో భర్త సీడీ4 214కు దిగింది. మేము ఫోన్ చేసేలోపే ఆమె ఫోన్ చేశారు. వైరల్ లోడ్ కాగితం పక్కనే పెట్టుకున్నట్టున్నారు, ముందు అదే చదివారు: కనబడలేదు. తమ్ముడు కంగారు పడుతున్నాడట.

"పోయినసారి 15 శాతం, ఇప్పుడూ 15 శాతమేనండీ. ఈ నెల ఈయనకి జలుబు చేసింది, పాలు తగ్గాయి. వాడికి మీరు ఇంకోసారి చెప్తారా, నేనే చెప్పనా?"